కెరటోకోనస్‌కి ఆపరేషన్ అంటే ఏ ఆపరేషన్?

కార్నియా వంపునీ మందాన్నీ కొలిచే పెంటాక్యామ్ స్కాన్ రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ ముందు ఎర్ర మచ్చ మీదే పడుతుంది. నల్లగుడ్డు పటంలో, మధ్యకి కాస్త కిందుగా, పచ్చా పసుపుల నడుమ నిప్పు కణికలా ఉంటుంది. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో పిల్లాణ్ని వెంటబెట్టుకుని చెన్నై వచ్చిన తల్లిదండ్రులు ఆ ఎరుపు చూసి హడలిపోతారు. "ఆపరేషన్ చేస్తే చూపు వచ్చేస్తుందా డాక్టర్ గారూ?" అని వెంటనే అడుగుతారు. అదే కాగితం మీద అంతకన్నా పనికొచ్చే ముక్క ఒకటుంది. దాన్ని దాదాపు ఎవరూ చూడరు. ఓ మూల చిన్నక్షరాల్లో ఉండే తేదీ అది.

కెరటోకోనస్ అంటే కంటి ముందు పొర కార్నియా పలచబడి ముందుకి ఉబ్బే జబ్బు. ఇందులో ఏం చెయ్యాలన్నది ఒక రిపోర్టుతో చాలావరకు తేలదు. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు రిపోర్టులు పక్కపక్కన పెడితే తేలుతుంది. మొదటిది కార్నియా ఎంత వంగిందో చెబుతుంది. ఇంకా వంగుతోందా, ఆగిందా అన్నది రెండోది వస్తే గానీ తెలియదు. ఆ రెండు ప్రశ్నలకీ మందులు వేరు, ఆపరేషన్లు వేరు. 'చూపు తెప్పించే ఆపరేషన్' అని పేరు పెట్టదగ్గది ఈ జబ్బుకి ఒక్కటీ లేదు. జబ్బుని ఆపేది ఒకటి, వంపుని సర్దేది ఒకటి, పవర్‌ని దిద్దేది ఒకటి, కార్నియానే మార్చేది ఒకటి. ఆపే ఆపరేషన్ చేయించుకుని చూపు రాలేదని కుమిలిపోయేవాళ్లే ఈ జబ్బులో ఎక్కువ.

ఇంతకీ లోపల జరిగేదేంటి

కంటి ముందు వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మధ్యలో దీని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైన కాస్త. వెలుతురుని వంచే పవర్‌ని డయాప్టర్లలో కొలుస్తారు, కంటికి ఉన్న మొత్తం 60 డయాప్టర్లలో 43 దాకా దీనిదే. మందంలో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెన్ పోగులు. కెరటోకోనస్‌లో ఆ పోగుల మధ్య కట్లు సడలతాయి. కంటి లోపలి ఒత్తిడి ఎప్పుడూ ఉండేదే. బలహీనపడ్డ చోట అది కార్నియాని ముందుకి నెడుతుంది, ఆ చోటే పలచబడుతుంది కూడా. బంగినపల్లి మామిడిలా గుండ్రంగా ఉండాల్సింది చిత్తూరు జిల్లా బెంగళూరా కాయలా కింద ముక్కు తేలుతుంది.

కళ్లద్దాలు ఎందుకు చాలవో ఈ ముక్కే చెబుతుంది. అద్దంలోని సిలిండర్ ఒక దిక్కున ఉన్న వంపుని సరిచేస్తుంది. ముక్కు చుట్టూ వంపులు ఒక్కో దిక్కున ఒక్కో రకంగా ఉంటాయి. అందుకే చందమామకి మూడు అంచులు కనిపిస్తాయి, రాత్రి ఎదురొచ్చే బస్సు లైట్లు తోకలు సాగుతాయి. ఆరు నెలలకోసారి అద్దాలు మారుతుంటే, ముఖ్యంగా సిలిండర్ పెరుగుతూ దాని దిక్కు (యాక్సిస్) గెంతుతుంటే, అద్దాల షాపు మార్చి లాభం లేదు, కార్నియా వంపుల పటం, అంటే టాపోగ్రఫీ తీయించాలి.

సాధారణంగా ఇది పదమూడు, పద్నాలుగేళ్ల నుంచి మొదలై ఇరవైల్లో జోరుగా నడిచి, ముప్పైలు దాటాక నెమ్మదిస్తుంది. వయసు ఎంత చిన్నదైతే పరుగు అంత ఎక్కువ. అలర్జీ ఉన్న పిల్లలు వేసవిలో పిడికిలి కణుపులతో కళ్లు నులుముకుంటారే, ఆ నులుముడు ఈ జబ్బుకి పెద్ద ఎరువు. కాబట్టి చికిత్సలో మొదటి మెట్టు ఆపరేషన్ గదిలో లేదు. దురద తగ్గించే చుక్కల మందు క్రమంగా వెయ్యడం, చల్లటి గుడ్డ కాపడం, బోర్లా పడుకుని చేతిమీద కన్ను ఆన్చే అలవాటు మానడం, ఇవే మొదలు. ఇది చిన్న మాటలా వినిపిస్తుంది గానీ, జబ్బుని ఆపే క్రాస్ లింకింగ్ ఆపరేషన్ చేసిన కన్ను కూడా మళ్లీ నులుముతూ పోతే మళ్లీ వంగుతుంది.

చెన్నై ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసుల కుర్రాళ్లలో చాలామందికి ఈ జబ్బు సంగతి తెలిసేది లేసిక్ కోసం వెళ్లినప్పుడే. పెళ్లిచూపుల్లోగా అద్దాలు వదిలించుకుందామని వెళితే స్కాన్‌లో ఇది బయటపడుతుంది. అక్కడ డాక్టరు "మీకు లేసిక్ చెయ్యం" అంటే అది దయతో చెప్పిన మాటే. పలచబడ్డ కార్నియాని లేజరుతో కోసి ఇంకా పలచన చేస్తే ఉబ్బు వేగంగా పెరుగుతుంది.

స్కాన్‌కి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. గట్టి కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు రెండు, మూడు వారాల ముందు, మెత్తటి లెన్స్ వాడేవాళ్లు కనీసం వారం ముందు తీసెయ్యాలి. లెన్స్ కార్నియాని తన ఆకారంలోకి నొక్కి ఉంచుతుంది, పొద్దున తీసి మధ్యాహ్నం స్కాన్ చేస్తే వచ్చేవి అబద్ధపు అంకెలు. ఒక ఊళ్లో ఒక మిషన్ మీద తీసిందాన్ని ఇంకో ఊళ్లో వేరే మిషన్ మీద తీసినదానితో పోల్చడమూ అలాంటిదే. ఒకే మిషన్ మీద, ఏడాదిలోపు, కేమ్యాక్స్ అనే అత్యధిక వంపు 1 డయాప్టర్ గానీ అంతకుమించి గానీ పెరిగినా, అతి పలచని చోటు మందం తగ్గుతూ పోయినా జబ్బు నడుస్తోందని లెక్క. పిల్లల విషయంలో మాత్రం రెండో రిపోర్టు కోసం కూర్చోకుండా ముందే ఆపే చికిత్స చెయ్యాలనే డాక్టర్లు ఎక్కువ. పన్నెండేళ్ల కంట్లో మూడు నెలలంటే చాలా కాలం.

ఆపేది: క్రాస్ లింకింగ్

జర్మనీలోని డ్రెస్డెన్‌లో వోలెన్సాక్, స్పోర్ల్, సైలర్ 2003లో ఈ పద్ధతి ఫలితాలు ప్రచురించారు. అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం 2016లో వచ్చింది. వెనకున్న రసాయనం తేలికే. రైబోఫ్లావిన్, అంటే బి2 విటమిన్, అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, ఆక్సిజన్ సాయంతో కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త ముళ్లు వేస్తుంది. కార్నియా బిగుస్తుంది.

డ్రెస్డెన్ పద్ధతిలో జరిగేది ఇదీ. మత్తు చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టి, కార్నియా పైచర్మాన్ని 8, 9 మిల్లీమీటర్ల వెడల్పున గీకి తీసేస్తారు. మందు లోపలికి ఇంకాలంటే ఆ పైచర్మం అడ్డు. తర్వాత 0.1 శాతం రైబోఫ్లావిన్ చుక్కలు కొన్ని నిమిషాలకోసారి అరగంట పాటు వేస్తారు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్‌లో చూస్తే కార్నియా వెనక నీటిలో కూడా పసుపు కనిపించాలి, అప్పుడే మందు పూర్తిగా ఇంకినట్టు. మళ్లీ మందం కొలుస్తారు. ఆపైన 365 నుంచి 370 నానోమీటర్ల కాంతిని చదరపు సెంటీమీటరుకి 3 మిల్లీవాట్ల చొప్పున ఇంకో అరగంట. మొత్తం మీద చదరపు సెంటీమీటరుకి 5.4 జూళ్లు. అంతే శక్తిని 9 మిల్లీవాట్లతో 10 నిమిషాల్లో ఇచ్చే త్వరిత పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్నారు. కాంతి పెంచుకుంటూ పోతే కార్నియాలో ఆక్సిజన్ అందదు, కాబట్టి సమయాన్ని ఇష్టమొచ్చినంత కుదించడం కుదరదు.

మధ్యలో మందం కొలవడం ఎందుకంటే, పైచర్మం తీశాక కనీసం 400 మైక్రాన్లు ఉండాలన్నది ఈ పద్ధతికి గీత. అంతకన్నా పలచనైతే కాంతి వెనక పొరదాకా పోయి అక్కడి ఎండోథీలియం కణాల్ని చంపుతుంది. ఆ కణాలు మనిషికి మళ్లీ పుట్టవు. గీత కిందున్న కళ్లకి దారులున్నాయి. సాంద్రత తక్కువున్న రైబోఫ్లావిన్‌తో కార్నియాని తాత్కాలికంగా ఉబ్బించడం ఒకటి. రైబోఫ్లావిన్‌లో నానబెట్టిన మెత్తటి లెన్స్‌ని పైన పెట్టి ఆ మేరకు మందం కలపడం ఇంకోటి. ఈ రెండోది చెన్నైలోనే పుట్టింది. డాక్టర్ సూజన్ జాకబ్ బృందం 2014లో ప్రచురించింది. మందాన్ని బట్టి కాంతి సమయాన్ని తగ్గించే పద్ధతి కూడా వచ్చింది.

తర్వాతి మూడు నుంచి ఐదు రోజులు నిజంగానే కష్టం. పైచర్మం మళ్లీ అల్లుకునేదాకా మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. గాయానికి కట్టులా పనిచేసే మెత్తటి బ్యాండేజ్ లెన్స్ పెట్టి పంపుతారు. అది జారిపడితే రోగి తిరిగి పెట్టుకోకూడదు, ఆసుపత్రికే వెళ్లాలి. తలస్నానం, కొళాయి నీళ్లు కంటికి తగలడం నిషేధం. ఇక్కడ ముఖ్యంగా భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కి. చర్మం లేని కార్నియా సూక్ష్మజీవులకి తలుపు తీసిన ఇల్లు. మూడో రోజుకి తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపిస్తే, మర్నాటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

మొదటి నెల చూపు ముందుకన్నా మసగ్గా ఉంటుంది, స్కాన్‌లో వంపు కూడా కాస్త పెరిగినట్టు చూపిస్తుంది. ఫలితం లేదని బెంబేలెత్తేది ఇక్కడే. ఆ మసక కొన్ని నెలల్లో తగ్గుతుంది, ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలామందికి వంపు నిలకడపడుతుంది, కొందరికి కొద్దిగా చదునవుతుంది. అలా చదునైతే బోనస్. క్రాస్ లింకింగ్ మాట ఇచ్చింది జబ్బుని ఆపుతానని మాత్రమే, చూపు కోసం ఆ తర్వాత వేరే పని ఉంది.

ఆ వేరే పనిలో తొలి అడుగు లెన్సులదే

ఆపరేషన్ల వ్యాసంలో లెన్సుల గొడవ ఎందుకని అనుకోవచ్చు. కార్నియాలో తెల్లమచ్చ పడని కెరటోకోనస్ కంటికి అన్నిటికన్నా పదునైన చూపు ఇచ్చేది ఇప్పటికీ గట్టి లెన్సే, ఏ ఆపరేషనూ దాన్ని మించలేదు. లెన్స్‌కీ వంకర కార్నియాకీ మధ్య కన్నీరు నిండుతుంది. కన్నీటి వక్రీభవన సూచిక 1.336, కార్నియాది 1.376, రెండూ దగ్గర దగ్గర. గుంతల రోడ్డు మీద నీళ్లు నిండితే పైన సమంగా కనిపించినట్టే, వెలుతురుకి ఎత్తుపల్లాలు మాయమవుతాయి.

ఆర్జీపీ అనే చిన్న గట్టి లెన్స్ కార్నియా ముక్కు మీద రాసుకుని నొప్పెడితే పెద్ద స్క్లెరల్ లెన్స్ ఉంది. ఇది కార్నియాని తాకకుండా వంతెనలా దాటి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. లోపల ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నింపి, ముఖం నేలకి సమాంతరంగా వంచి, రబ్బరు ప్లంజర్‌తో కింద నుంచి పైకి పెట్టాలి. చిన్న గాలి బుడగ లోపల చిక్కుకున్నా చూపు చెదురుతుంది, తీసి మళ్లీ పెట్టాల్సిందే. మొదటి వారం పావుగంట కుస్తీ పడితే రెండో వారానికి రెండు నిమిషాల పని. కొళాయి నీళ్లతో మాత్రం ఎన్నడూ కడగకూడదు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాని తినేస్తే కెరటోకోనస్ చిన్న సమస్య అయిపోతుంది.

మచ్చ లేని కంటికి స్క్లెరల్ లెన్స్ ఒకసారైనా పెట్టి చూడకుండా కార్నియా మార్పిడికి తేదీ ఇస్తే, ఇంకో డాక్టరుకి చూపించుకోవడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

సర్దేవి: రింగులూ, చెన్నై వాటా

లెన్స్ నిలవని వాళ్లకి, అద్దాలతోనే ఇంకాస్త మెరుగ్గా చూడాలనుకునే వాళ్లకి కార్నియా ఆకారాన్ని సర్దే ఆపరేషన్లున్నాయి. కార్నియా మందంలో సొరంగం చేసి అర్ధచంద్రాకారపు ముక్కలు దూర్చడం ఇందులో పాత పద్ధతి. ఫ్రాన్స్‌లో జోసెఫ్ కొలాన్ కెరటోకోనస్‌లో వీటి ఫలితాలు 2000లో ప్రచురించారు. ఇంటాక్స్, కెరారింగ్ అనే పేర్లతో వచ్చేవి పీఎంఎంఏ ప్లాస్టిక్ ముక్కలు. అంచులో మందం పెంచితే మధ్యలో ఎందుకు చదునవుతుందన్నది పందిరి గుడ్డని చూస్తే అర్థమవుతుంది. గుడ్డ పొడవు మారదు, అంచుల కింద వాసం దూర్చి పైకెత్తితే ఆ మేరకు మధ్యనున్న గుడ్డ లాగబడి బిగుస్తుంది.

ఫెమ్టోసెకండ్ లేజరు సొరంగాన్ని సెకన్లలో చేస్తుంది. ప్లాస్టిక్ రింగులకి లోతు మందంలో 70 నుంచి 80 శాతం దాకా ఉండాలి, ఆ చోట కార్నియా సుమారు 400 మైక్రాన్లకి తగ్గకూడదు. లోతు తగ్గితే పైనున్న పలచని పొర కరిగి ప్లాస్టిక్ ముక్క బయటికి పొడుచుకొస్తుంది. రింగుల్ని వెనక్కి తీయించాల్సొచ్చే ముఖ్య కారణాల్లో ఇదొకటి. రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనబడడం ఇంకో ఫిర్యాదు. మంచి సంగతేంటంటే, తీసేస్తే కార్నియా దాదాపు పాత ఆకారానికే వెళ్లిపోతుంది.

ప్లాస్టిక్‌తో ఈ చిక్కు ఉంది గనక, దానం వచ్చిన మనిషి కార్నియా ముక్కనే రింగుగా వాడితే? సూజన్ జాకబ్ బృందం చెన్నైలో మొదలుపెట్టి 2018లో ప్రచురించిన 'కెయిర్స్' ఇదే. దాత కార్నియా పైచర్మాన్నీ వెనక ఎండోథీలియాన్నీ ఒలిచి, రెండు బ్లేళ్లున్న ట్రెఫైన్ అనే గుండ్రని కత్తితో ఉంగరంలా కోసి, ఆ ఉంగరాన్ని ముక్కలు చేసి, లేజరు సొరంగంలోకి లాగుతారు. మెత్తటి కణజాలం కాబట్టి ప్లాస్టిక్ అంత లోతు అక్కర్లేదు, సగం లోతు చాలు. పైకి ఎంత దగ్గరగా ఉంటే చదును చేసే బలం అంత ఎక్కువ. ప్లాస్టిక్‌కి సరిపోని పలచని కార్నియాలకీ ఇది పనికొస్తుంది. జబ్బు నడుస్తున్న కంటికైతే క్రాస్ లింకింగ్ కూడా కలిపి చేస్తారు. దాత కణజాలం గనక తిరస్కరణ భయం సున్నా అనలేం, మార్పిడితో పోలిస్తే బాగా తక్కువ. ఎంత పొడవు ముక్క, ఎంత మందం, ఎక్కడ అన్న లెక్క ఇంకా సర్జన్ అనుభవం మీద చాలావరకు నడుస్తోంది, ప్లాస్టిక్ రింగులకి ఉన్నంత పాత పట్టికలు దీనికి లేవు. మధ్యలో మచ్చ ఉన్న కంటికి మాత్రం ఏ రింగూ చూపు తేలేదు.

లేజరుతో సర్దడం కూడా ఉంది. టాపోగ్రఫీని చూసుకుంటూ ముక్కు చుట్టూ కొద్దిగా చెక్కి, వెంటనే క్రాస్ లింకింగ్ చేస్తారు. ఏథెన్స్ ప్రోటోకాల్ అంటారు. తీసే మందం 50 మైక్రాన్లు దాటకూడదన్నది అందులో గీత. ఇది అద్దాలు వదిలించే లేజరు కాదు, వంకరలు తగ్గించే లేజరు. మందం పుష్కలంగా ఉన్న తొలి దశ కళ్లకే.

పవర్ దిద్దడానికి కంటి లోపల అమర్చే లెన్స్ ఐసీఎల్ విషయంలో ముందు ఒక పరీక్ష. ట్రయల్ ఫ్రేములో అద్దాలు పెట్టినప్పుడు చూపు బాగా వస్తోందా? వస్తే, జబ్బు ఆగి కనీసం ఏడాదైతే, కంటి ముందు గది లోతు సుమారు 2.8 మిల్లీమీటర్లు ఉంటే, టోరిక్ ఐసీఎల్, అంటే సిలిండర్ కూడా దిద్దేది, ఆ అద్దాల పని చేస్తుంది. అద్దాలతో రాని చూపు ఐసీఎల్‌తోనూ రాదు, ఎందుకంటే ముక్కు తెచ్చే వంకర వంపుల్ని అదీ సరిచెయ్యలేదు. ఇంకో మెలిక ఉంది. టోరిక్ ఐసీఎల్ పెట్టించుకున్నాక ఎప్పుడైనా గట్టి లెన్స్ అవసరమైతే, ఆ లెన్స్ కార్నియా సిలిండర్‌ని మాయం చేస్తుంది గానీ ఐసీఎల్‌లో దిద్దిన సిలిండర్ అలాగే మిగిలిపోయి కొత్త మసక తెస్తుంది. శుక్లం ఆపరేషన్‌లో టోరిక్ లెన్స్ వేయించుకునే కెరటోకోనస్ వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ముందే అడగాలి.

ఒక్క రోజులో తెల్లబడితే

ముదిరిన కంట్లో ఒక్కోసారి పొద్దున లేచేసరికి నల్లగుడ్డు మధ్య పాలమీగడ కట్టినట్టు తెల్లగా ఉంటుంది. నొప్పి, ధారగా నీళ్లు. కార్నియా లోపలి అంచున ఉండే డెసిమెట్ పొర సాగీ సాగీ చిరిగి, కంటి లోపలి నీరు కార్నియాలోకి చేరింది. దీన్ని హైడ్రాప్స్ అంటారు. కన్ను పోయిందనుకుని ఆ రాత్రే మార్పిడి చెయ్యమని ప్రాధేయపడతారు. ఆ వాచిన కార్నియా మీద అప్పుడు మార్పిడి చెయ్యరు. చుక్కల మందులతో రెండు, నాలుగు నెలల్లో తనంతట తను ఆరుతుంది. పర్‌ఫ్లోరోప్రొపేన్ 14 శాతం గానీ, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ 20 శాతం గానీ కలిపిన గ్యాసు బుడగ కంట్లోకి పంపితే త్వరగా ఆరుతుంది, పెద్ద చిరుగైతే అదిమిపట్టే కుట్లు కూడా వేస్తారు. చివరికి మచ్చ మిగులుతుంది. అది పక్కన పడితే కార్నియా కాస్త చదునై లెన్స్ నిలిచే అవకాశం కూడా ఉంది. మధ్యలో పడితే మార్పిడే.

మార్చేది: డాల్క్, పీకే

పాత పద్ధతి పీకే. కార్నియా మధ్య భాగాన్ని పూర్తి మందంతో కోసి తీసేసి దాత కార్నియాని కుట్టడం. మనుషుల్లో తొలి విజయం 1905లో ఎడువార్డ్ జిర్మ్‌ది. దీని చిక్కు ఎండోథీలియంతో. దాత ఎండోథీలియాన్ని శరీరం పరాయిదిగా గుర్తుపట్టి దాడి చేస్తే మార్పిడి మసకబారుతుంది. దాడి లేకపోయినా ఆ కణాలు ఏటేటా తగ్గుతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడికి పీకే చేస్తే జీవితంలో రెండోసారి, మూడోసారి మార్చాల్సి రావచ్చు, ప్రతిసారీ గెలుపు అవకాశం తగ్గుతుంది.

కెరటోకోనస్‌లో చెడేది స్ట్రోమా, అంటే మధ్యనున్న కొల్లాజెన్ పోగుల పొర. రోగి సొంత ఎండోథీలియం ఆరోగ్యంగానే ఉంటుంది. దాన్ని ఉంచేసి ముందున్నదంతా మార్చేదే డాల్క్. చెప్పడం తేలిక. ఉంచాల్సిన పొర పది, ఇరవై మైక్రాన్లు. అన్వర్ 2002లో చూపించిన 'పెద్ద బుడగ' ఉపాయం ఇందుకే. సుమారు 8 మిల్లీమీటర్ల ట్రెఫైన్‌తో మందంలో మూడింట రెండొంతుల దాకా గుండ్రంగా కోస్తారు. 27 గేజ్ సూదిని వంచి, మొన రంధ్రం కిందికి ఉండేట్టు, ఆ గాటు అడుగు నుంచి కార్నియా మధ్యవైపు నడిపిస్తారు. సిరంజిలోని గాలిని నొక్కితే ముందు గట్టిగా అడ్డు తగులుతుంది. ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా అడ్డు తొలగి, పారదర్శకంగా ఉన్న కార్నియా చూస్తుండగానే పాలలా తెల్లబడి, మధ్య నుంచి గుండ్రని అంచు పరుచుకుంటూ 8, 8.5 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. గాలి డెసిమెట్ పొరని స్ట్రోమా నుంచి విడదీసింది. ఆ తర్వాత ముందు స్ట్రోమాని నాలుగు ముక్కలుగా కోసి తీస్తే, కింద అద్దంలాంటి నున్నని పొర మిగులుతుంది.

బుడగ ప్రతిసారీ రాదు. ఒక్కోసారి అంచు నుంచి మొదలై మరీ పలచని పొరతో పెద్దగా పాకే రెండో రకం బుడగ వస్తుంది. అది చిటికెలో పగులుతుంది. పొర చిన్నగా చిరిగితే గాలి నింపి నెట్టుకురావచ్చు, పెద్దగా చిరిగితే అదే టేబుల్ మీద పీకేకి మారాలి. సంతకం చేసే ఒప్పంద పత్రంలో రెండు పేర్లూ ఉండేది ఇందుకే, అది డాక్టరు అపనమ్మకం కాదు. హైడ్రాప్స్ వచ్చిన కంట్లో గాలి పెడితే పాత చిరుగు తెరుచుకుంటుంది, కాబట్టి అక్కడ చేత్తో పొర పొరగా ఒలవాలి, లేదా పీకే.

దాత కార్నియా వైపు చూస్తే డాల్క్‌కి ఇంకో లాభం. దాత ఎండోథీలియం అక్కర్లేదు, కాబట్టి వృద్ధుల కళ్లు కూడా పనికొస్తాయి. ఒకే కార్నియా ఇద్దరికి సరిపోతుంది. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరు నారాయణ నేత్రాలయలో జరిగింది ఇదే. రెండు కార్నియాల్ని పై పొర, లోపలి పొరగా విడదీసి నలుగురికి అమర్చారు. కళ్లు ఇవ్వాలనుకుంటే మరణించిన ఆరు గంటల్లోపు తీయించాలి. తీసిన కార్నియా, నిల్వకి వాడే ఎమ్‌కే ద్రావణంలో నాలుగు రోజులు, మదురై అరోల్యాబ్ తయారు చేసే కార్నిసాల్‌లో పద్నాలుగు రోజులు నిలుస్తుంది. బ్లడ్ గ్రూపు కలవాలన్న నియమం మామూలుగా లేదు. "మా బంధువుల కళ్లు మావాడికే పెట్టండి" అని అడిగేవాళ్లున్నారు, అందువల్ల ప్రత్యేక లాభమేం లేదు.

కుట్ల ఏడాది

మార్పిడి అయ్యాక చూపు పట్టీ విప్పగానే రాదు. వెంట్రుకకన్నా సన్నని 10-0 నైలాన్‌తో చాలాసార్లు 16 కుట్లు వేస్తారు. అవి కార్నియాని ఒక్కోవైపు ఒక్కోలా లాగుతుంటాయి. టాపోగ్రఫీ చూసి బిగుతు కుట్లని ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే సిలిండర్ తగ్గుతుంది. డాల్క్‌లో ఆరు నెలల నుంచి, పీకేలో దాదాపు ఏడాది నుంచి ఇది మొదలవుతుంది. అన్నీ తీశాక కూడా 3, 4 డయాప్టర్ల సిలిండర్ మిగలడం మామూలే. అద్దాలో లెన్సో తప్పవు. ఈ మాట ముందే చెప్పని చోట, ఏడాది తర్వాత గొడవలు జరుగుతాయి.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ అనే స్టెరాయిడ్ 1 శాతం చుక్కలు రోజుకి ఆరేడుసార్లతో మొదలై నెలల మీద తగ్గుతాయి, పీకేలో ఏడాది దాటి కూడా నడుస్తాయి. సీసా అడుగున మందు పేరుకుంటుంది, ఊపకుండా వేస్తే పడేది నీళ్లే. రెండు రకాల చుక్కల మధ్య ఐదు నిమిషాల ఎడం ఉండాలి. బాగుందని సొంతంగా మానేస్తే తిరస్కరణ, అడక్కుండా కొనసాగిస్తే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా, శుక్లం. అందుకని ఊళ్లోనైనా సరే ప్రెషర్ చెక్ చేయించుకుంటూ ఉండాలి.

తిరస్కరణకి నాలుగు గుర్తులు: ఎరుపు, వెలుతురు పడకపోవడం, చూపు మందగించడం, నొప్పి. నాలుగూ కలిసి రానక్కర్లేదు, ఒకటి ఒక రోజు దాటి ఉంటే చాలు. మొదటి రోజుల్లో పట్టుకుంటే చాలా కేసుల్లో మందుతో వెనక్కి తిప్పవచ్చు. ఇసుక రేణువు పడ్డట్టు ఒకేచోట గరగర మొదలైతే కుట్టు వదులైందని అర్థం. వదులు కుట్టు చీమునీ కొత్త రక్తనాళాల్నీ పిలుస్తుంది, ఆ కుట్టు తీయించాల్సిందే. పీకే గాటు ఎన్నేళ్లైనా మొదటి బలానికి రాదు. క్రికెట్ బంతో, పసిపిల్ల మోచెయ్యో తగిలి అంచు విచ్చుకున్న కళ్లున్నాయి. కళ్లద్దాలు, పవర్ లేనివైనా సరే, అందుకే పెట్టుకోమంటారు. డాల్క్‌లో సొంత పొర మిగిలి ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ.

ఒక కంటికి మార్పిడి చేయించుకుని ఏడాదంతా దాని చుట్టూ తిరిగే ఇంట్లో రెండో కన్ను మాటే మరిచిపోతారు. కెరటోకోనస్ దాదాపు ఎప్పుడూ రెండు కళ్లదీ, ఒకటి వెనకా ముందూ. చెడ్డ కంటికి కుట్లు తీసే వేళకి మంచి కన్ను క్రాస్ లింకింగ్ గీత దాటిపోయి ఉంటుంది. చెన్నై వచ్చిన ప్రతిసారీ దానికీ స్కాన్ అడగాలి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉండి, వాళ్లకీ పదేళ్లు దాటి, కళ్లు నులుముకునే అలవాటుంటే, చూపు బాగున్నా ఒక పెంటాక్యామ్ తీయించి ఫైల్లో దాచాలి. ఆ మొదటి కాగితం ఇంట్లో ఉంటే, రేపెప్పుడైనా అనుమానం వచ్చినప్పుడు రెండోదాన్ని దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.